వార్త చివరి మడి దాక చేరవలెను
తీగ మార్గము, గాలి మార్గము కలసినచోట సేవా నాణ్యతను కాపాడుకొను విధము

ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి., అగ్రికల్చర్

వ్యవసాయమునకు భూమి, నీరు, విత్తనము, ఎరువు ఎంత ముఖ్యమో, సకాలమున అందు వార్త కూడ నేడు అంత ముఖ్యమైనది. వాన సూచన, పిడుగు హెచ్చరిక, మార్కెట్టు ధర, పంట నమోదు, రైతు గుర్తింపు, వీటిలో చాలభాగము ఫోను ద్వారా, ఇంటర్నెట్టు ద్వారా జరుగుచున్నవి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములు వర్షాధారపు సేద్యము ఎక్కువగా గలవి. ఇచ్చట ఒక్క పదను తప్పిన వేరుశనగ విత్తుట తప్పును. ఎగువ పొలములలో పనిచేయువారికి, గుట్టలపై గొఱ్ఱెలు మేపువారికి పిడుగు హెచ్చరిక పది నిమిషములు ఆలస్యమైన ప్రాణమునకే ముప్పు. కావున వార్త ఎట్లు నడచుచున్నదో, ఎచ్చట ఆగుచున్నదో రైతులును, గ్రామాధికారులును తెలిసికొనుట అవసరము.

"సిగ్నలు నిండుగా ఉన్నది, పని మాత్రము జరుగుట లేదు" అను మాట గ్రామములలో తరచు వినబడును. ఈ మాట అబద్ధము కాదు. సిగ్నలు చూపు గీతలు ఫోనునకును, టవరునకును నడుమ గల మార్గమును గూర్చి మాత్రమే తెలుపును. టవరు దాటిన తరువాత వార్త నడువవలసిన దారి ఇంకను చాల కలదు. చెఱువు తూము వద్ద నీరు నిండుగా పారినను, నడుమ కాలువ పూడియున్నచో చివరి మడికి నీరందదు. వార్త విషయము కూడ ఇట్టిదే. మొదటి కొస నుండి చివరి కొస వరకు ఒకే తీరున సేవ నిలుచుటనే "ఆద్యంత సేవా నాణ్యత" అందురు.

సేవా నాణ్యతకు నాలుగు కొలతలు

ఇంటర్నెట్టు మార్గమున ఏ వార్తయైనను చిన్నచిన్న మూటలుగా కట్టబడి పోవును. వీటిని ప్యాకెట్లు అందురు. ఫోనులో మాటలాడునపుడు సామాన్యముగా సెకనుకు 50 మూటలు బయలుదేరును. ఒక్కొక్క మూటలో 20 మిల్లీ సెకన్ల మాట యుండును. ఒక సెకనులో వెయ్యవ భాగము మిల్లీ సెకను. ఈ మూటల ప్రయాణమును నాలుగు విధములుగా కొలువవచ్చును.

1. వెడల్పు: సెకనుకు ఎంత సరకు పోగలదు? కాలువ వెడల్పు వంటిది.
2. ఆలస్యము: ఒక మూట ఈ కొస నుండి ఆ కొసకు చేరుటకు పట్టు కాలము.
3. ఒడుదుడుకు: మూటలన్నియు సమానమైన ఎడముతో చేరుచున్నవా, లేక కొన్ని గుంపుగాను, కొన్ని చాల వెనుకగాను వచ్చుచున్నవా?
4. నష్టము: నూటికి ఎన్ని మూటలు దారిలో పోవుచున్నవి?

పని యేదో దానిని బట్టి ఏ కొలత ముఖ్యమో మారును. మాటలాడుటకు గొప్ప వెడల్పు అక్కరలేదు, ఆలస్యము మాత్రము తక్కువగా నుండవలెను. అంతర్జాతీయ టెలికం సంఘము లెక్క ప్రకారము మాట ఒకవైపు చేరుటకు 150 మిల్లీ సెకన్లు మించనిచో సంభాషణ చక్కగా సాగును. 400 దాటిన ఒకరి మాటపై ఒకరి మాట పడును. పంట ఫోటోను పంపుటకు ఇంత తొందర లేదు. అది ఒక నిమిషము ఆలస్యమైనను నష్టము లేదు. కాని దానిలో ఒక్క మూటయు పోరాదు. పిడుగు హెచ్చరిక పరిమాణములో మిక్కిలి చిన్నది. కాని అది తప్పక, వెంటనే, అందరికిని చేరవలెను.

వార్త నడచు దారి

విజయవాడలోని ఒక కార్యాలయపు కంప్యూటరు నుండి హిందూపురం సమీప గ్రామములోని రైతు ఫోనునకు ఒక వార్త వచ్చుచున్నదనుకొనుడు. అది మొదట కార్యాలయములోని తీగపై నడచును. పిదప వందల కిలోమీటర్లు గాజు తీగ, అనగా ఆప్టికల్ ఫైబరు, మీద వచ్చును. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. అనగా 500 కిలోమీటర్ల దూరమునకు పట్టునది రెండున్నర మిల్లీ సెకన్లు మాత్రమే. పిదప ఆ వార్త పట్టణములోని కూడలి యంత్రమునకు వచ్చి, అచ్చటినుండి టవరునకు చేరును. ఈ చివరి భాగము కొన్నిచోట్ల ఫైబరు మీదను, కొన్నిచోట్ల టవరు నుండి టవరునకు మైక్రోవేవు కిరణముల మీదను నడచును. కట్టకడపట టవరు నుండి ఫోనునకు గాలిలో వచ్చును.

రైతు సేవా కేంద్రము లేక గ్రామ సచివాలయమున ఫైబరు ఉన్నచోట దారి వేరు. ఫైబరు భవనము వరకు వచ్చి, అచ్చటి పెట్టె నుండి వైఫై ద్వారా ఫోనునకు, ట్యాబునకు అందును. మన రాష్ట్రమున 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి జాతికి అంకితము చేసిన ఏపీ ఫైబర్‌నెట్ చాలభాగము విద్యుత్ స్తంభముల మీదుగా లాగిన తీగ. గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు కేంద్ర పథకము 2011లో మొదలై తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినది.

ఏ దారిన వచ్చినను ఒక విషయము స్పష్టము. తీగ మార్గము, గాలి మార్గము రెండును కలియకుండ రైతునకు వార్త చేరుట అరుదు. ఈ రెండింటి స్వభావము ఒకటి కాదు.

తీగ గుణము వేరు, గాలి గుణము వేరు

తీగలో, ముఖ్యముగా గాజు తీగలో, మూటలు చెడుట చాల అరుదు. అచ్చట మూటలు పోవుటకు ముఖ్య కారణము రద్దీ. కూడలి వద్ద వచ్చు సరకు పోవు సరకు కంటె ఎక్కువైనపుడు నిలువ స్థలము నిండి, తరువాత వచ్చినవి పారవేయబడును.

గాలిలో అట్లు కాదు. టవరునకును, ఫోనునకును నడుమ కొండ, కట్టడము, దట్టమైన చెట్లు అడ్డువచ్చిన తరంగము బలహీనమగును. పెనుకొండ కొండ వంటి పెద్ద గుట్టకు ఒకవైపు టవరు, రెండవవైపు పొలము ఉన్నచో పొలము "కొండ నీడ"లో పడును. 700, 800, 900 మెగాహెర్ట్జుల తరంగములు దూరము పోవును, గోడలను కొంత దాటగలవు. 2300, 3500 మెగాహెర్ట్జుల తరంగములు ఎక్కువ సరకు మోయును గాని తక్కువ దూరమే పోవును. మైక్రోవేవు మార్గమునకు రెండు టవర్లు ఒకదానికొకటి ఎదురుగా కనబడుచుండవలెను. వాటిలో 10 గిగాహెర్ట్జులకు మించిన తరంగములను భారీవర్షము పీల్చివేయును. అనగా హెచ్చరిక అవసరమైన గాలివాన సమయముననే ఆ మార్గము బలహీనపడు అవకాశము కలదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఇంటర్నెట్టులో సరకు పంపు నియమము, టీసీపీ అనునది, తీగ మార్గములను దృష్టిలో నుంచుకొని ఏర్పడినది. మూట పోయినదనిన "దారిలో రద్దీ యున్నది" అని తలచి, పంపువాడు వేగమును తగ్గించుకొనును. 1988 నుండి ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చి ఇంటర్నెట్టును రద్దీలో కూలిపోకుండ కాపాడినది. కాని గాలిలో మూట పోవుట రద్దీ వలన కాక సిగ్నలు చెడుట వలన కావచ్చును. అట్టిచో వేగము తగ్గించుట వలన ప్రయోజనము లేదు. దారి ఖాళీగా నున్నను బండి నెమ్మదిగా పోయినట్లగును.

దీనికి విరుగుడుగా, చెడిన మూటను మొదటి కొసకు తెలియనీయక టవరే మరల పంపు ఏర్పాటు నేటి మొబైలు వ్యవస్థలలో కలదు. దీనివలన నష్టము తగ్గును, దానికి బదులుగా ఆలస్యము కొంత పెరుగును. ఫోటోకు ఈ మార్పిడి లాభకరము. మాటకు కాదు. ఆలస్యముగా వచ్చిన మాట రానిదానితో సమానము. అందువలననే నాలుగవ తరపు మొబైలు ప్రమాణములలో మాటకు ఒక లెక్క, సామాన్య సమాచారమునకు వేరొక లెక్క ఏర్పరచిరి. మాట మూటకు 100 మిల్లీ సెకన్ల గడువు, నూటికి ఒక మూట పోయినను సరియే. సామాన్య సమాచారమునకు 300 మిల్లీ సెకన్ల గడువు, పది లక్షలకు ఒక మూటకు మించి పోరాదు.

గొలుసు లెక్క

ఒక మార్గములో నాలుగు భాగములు ఉన్నవనుకొనుడు. మొదటిది నూటికి 99, రెండవది 98, మూడవది 95, నాలుగవది 90 వార్తలను సరిగా చేర్చుచున్నవి. ఒక్కొక్క భాగమును చూచిన "బాగుగనే యున్నది" అనిపించును. కాని నాలుగింటిని గుణించిన, 0.99 × 0.98 × 0.95 × 0.90, చివరకు చేరునది నూటికి 83 మాత్రమే. పదునేడు వార్తలు దారిలో పోయినవి. ఏ భాగపు అధికారిని అడిగినను తన వంతు సక్రమముగా నున్నదనియే చెప్పును. చివరి రైతునకు మాత్రము ఆరు వార్తలలో ఒకటి అందదు.

ఆలస్యమును గుణింపక కూడవలెను. మాటకు గల 150 మిల్లీ సెకన్లను ఇంటి ఖర్చు లెక్కవలె పంచి చూపవచ్చును. ఉదాహరణకు:

మాటను మూటగా కట్టుటకు: 40
ఫోను నుండి టవరునకు గాలిలో: 30
టవరు నుండి పట్టణపు కూడలికి: 5
కూడలి యంత్రములలో: 5
దూరపు ఫైబరుపై: 10
అవతలి కొసన వైఫైలో: 20
ఒడుదుడుకు సరిచేయుటకు చివర నిలుపు కాలము: 40
మొత్తము: 150

ఏ ఒక్కటి తన వాటా మించినను మిగిలినవి తగ్గించుకొనవలెను, లేనిచో మాట చెడును. ఉపగ్రహ మార్గమును వాడినచో ఈ లెక్క మొదటనే తప్పును. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలుచు ఉపగ్రహమునకు పోయి వచ్చుటకే పావు సెకను, అనగా 250 మిల్లీ సెకన్లు, పట్టును. హెచ్చరికకు అది చాలును. సంభాషణకు ఇబ్బందికరము.

నీరుగంటి పద్ధతి

కాలువలో నీరు తక్కువైనపుడు నీరుగంటి వంతులు ఏర్పరచును. నారుమడికి మొదట, ఎదిగిన పైరునకు తరువాత. వంతు లేనిచో బలవంతుని మడి మాత్రమే తడియును. వార్తల రద్దీలో కూడ ఇదే పద్ధతి.

ఒక కార్యాలయమున పైకి పంపు వెడల్పు సెకనుకు 10 లక్షల బిట్లు ఉన్నదనుకొనుడు. ఒకరు 50 లక్షల బైట్ల ఫోటోను పంపిన అది పోవుటకు 40 సెకన్లు పట్టును. ఎనిమిది బిట్లు ఒక బైటు. పెట్టెలోని నిలువ స్థలము రెండున్నర లక్షల బైట్లు అయినచో, ఆ వరుసలో వెనుక నిలిచిన ప్రతి మాట మూట రెండు సెకన్లు ఆగవలెను. 150 మిల్లీ సెకన్ల గడువు గలదానికి 2,000 మిల్లీ సెకన్లు! ఫోటో వరుసను, మాట వరుసను వేరుచేసి, మాటను ముందు పంపినచో ఫోటోకు కలుగు ఆలస్యము చాల స్వల్పము, మాటకు కలుగు మేలు అధికము.

ఇంటర్నెట్టులో మొదట ప్రతి సంభాషణకు దారి పొడుగునను స్థలము కేటాయించు పద్ధతిని 1990 దశకమున తలపెట్టిరి. లక్షలాది సంభాషణల లెక్క ప్రతి కూడలియు ఉంచుకొనుట దుస్సాధ్యమైనది. అందువలన 1998లో సులభమైన పద్ధతిని ప్రకటించిరి. ప్రతి మూటపై ఒక చిన్న గుర్తు ఉండును. 0 నుండి 63 వరకు ఈ గుర్తులు 64. మాటకు సామాన్యముగా 46 అను గుర్తు వేయుదురు. కూడలి యంత్రము మూటను విప్పి చూడనక్కరలేదు, గుర్తు చూచి ఏ వరుసలో నుంచవలెనో నిర్ణయించును.

అయితే అందరును తమ మూటలపై 46 వేసికొన్నచో వంతు అనునదే యుండదు. కావున ఊరి పొలిమేర వద్ద గుర్తులను తనిఖీచేసి, అర్హత లేనివానిని తుడిచివేయుదురు. వేరొక సంస్థ నుండి వచ్చిన గుర్తులను చాల సంస్థలు నమ్మవు. రెండు సంస్థల నడుమ ఒడంబడిక లేనిచో ఒక కొసన వేసిన గుర్తు రెండవ కొసకు చేరదు.

పట్టాల వెడల్పు మారుచోట

ధర్మవరం జంక్షను సంగతి పెద్దలకు తెలియును. గుంతకల్లు–బెంగుళూరు మార్గము బ్రాడ్‌గేజిగా మారిన తరువాత కూడ ధర్మవరం–పాకాల మార్గము చాలకాలము మీటరుగేజిగనే యుండెను. ఒకదాని బండి రెండవదానిపై పోజాలదు. జంక్షనులో దిగి మారవలసినదే. సరకుపై చీటీ సరిగా లేనిచో తప్పు బండి ఎక్కును. తీగ మార్గము, గాలి మార్గము కలియుచోట కూడ ఇట్లే చీటీ మార్చవలసి యుండును.

తీగపై 64 గుర్తులు. వైఫైలో 2005లో వచ్చిన ప్రమాణము ప్రకారము తరగతులు నాలుగే: మాట, దృశ్యము, సామాన్యము, వెనుకబాటు పని. మొబైలు వ్యవస్థకు తన తరగతులు వేరే కలవు. ఒకదానిని మరియొకదానిలోనికి ఎట్లు మార్చవలెను? చాలకాలము అనేక వైఫై పెట్టెలు గుర్తులోని మొదటి మూడు అంకెలను మాత్రమే తీసికొనెడివి. 46ను రెండు అంకెల లెక్కలో వ్రాసిన 101110 అగును. మొదటి మూడు 101, అనగా 5. వైఫై లెక్కలో 5 దృశ్యపు తరగతి. మాటకు కావలసినది 6. ఈ విధముగా దూరమంతయు మొదటి తరగతిలో వచ్చిన మాట, చివరి పది గజములలో, సినిమా చూచువారి వరుసలో నిలుచుండెను. ఈ లోపమును సరిచేయు మార్పిడి పట్టిక 2018లో ప్రకటింపబడినది. మార్గమంతయు మంచిదై, మారుచోట మాత్రము తప్పు జరిగిన ఫలితము చెడుటకు ఇది మంచి ఉదాహరణ.

ఎవరికి ముందు వంతు ఇయ్యవలెను అనుదానిలో న్యాయము కూడ కలదు. డబ్బు ఎక్కువ ఇచ్చిన సంస్థ వెబ్‌సైటును వేగముగాను, ఇతరులది నెమ్మదిగాను చూపుట మన దేశమున అంగీకరింపబడలేదు. 2018 జూలైలో కేంద్ర టెలికం శాఖ ఈ సమత్వ సూత్రమును ఆమోదించినది. పని స్వభావమును బట్టి వంతు ఇచ్చుట, అత్యవసర సేవలకు దారి ఇచ్చుట దీనికి విరుద్ధము కాదు.

ఏ పనికి ఏ మార్గము

పిడుగు, వరద హెచ్చరికలు: వీటికి సెల్ బ్రాడ్‌కాస్టు అను పద్ధతి శ్రేష్ఠము. ఒక్కొక్క నంబరునకు వేరుగా పంపక టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికిని ఒకేసారి చాటును. ఊరిలో దండోరా వేసినట్లు. ఎంతమంది యున్నను రద్దీ ఏర్పడదు. సీ-డాట్ సంస్థ రూపొందించిన ఈ ఏర్పాటును 2023లో దేశమంతట పరీక్షించిరి. పెద్ద శబ్దముతో వచ్చిన ఆ పరీక్షా సందేశము చాలమందికి జ్ఞాపకముండును. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి "దామిని" యాప్ సమీపమున పడు పిడుగులను తెలుపును. దానికి ఫోనులో ఇంటర్నెట్టు, స్థలము తెలుపు సదుపాయము తెరచి యుండవలెను.

వాతావరణ సలహాలు: మంగళ, శుక్రవారములలో వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాలు "మేఘదూత్" యాప్‌లో లభించును. ఇవి కొన్ని గంటలు ఆలస్యమైనను పనికివచ్చును. కావున ఉదయము రద్దీ లేనపుడు చూచుకొనవచ్చును.

సలహా కొరకు మాటలాడుట: కిసాన్ కాల్ సెంటరు 2004 జనవరి 21 నుండి పనిచేయుచున్నది. నంబరు 1800-180-1551. దీనికి మామూలు ఫోను కాలు చేయుటయే మేలు. నాలుగవ తరపు మార్గమున మామూలు కాలునకు ప్రత్యేకపు వరుస కలదు. యాప్ ద్వారా చేయు కాలు సామాన్య సమాచారపు వరుసలో నిలుచును.

మార్కెట్టు: హిందూపురం యార్డులో చింతపండు వేలము, పట్టుగూళ్ళ మార్కెట్టు ధరలు రైతునకు గంటగంటకు కావలసినవి. చింతపండు కొంతకాలము నిలువయుండును. పట్టుగూడు అట్లు కాదు. గూడు కట్టిన పది, పండ్రెండు దినములకు లోపలి పురుగు రెక్కలు వచ్చి గూటిని తొలుచుకొని వెలుపలికి వచ్చును, పిదప దానికి ధర లేదు. కావున నిన్నటి ధర నేడు చేరినచో బేరమాడు బలము తగ్గును. కంప్యూటరు వేలములో గడువు ముగియు క్షణమున పాట చేరకపోయిన ఎక్కువ పాడినవాడు లెక్కలోనికి రాడు, నష్టము రైతుది.

పంట నమోదు, ఇ-కెవైసి: ఫోటోలు కొంత ఆగి పోవచ్చును. వేలిముద్ర, ఒకమారు సంకేతము అను ఓటీపీ మాత్రము గడువు గలవి. గడువు దాటి వచ్చిన ఓటీపీ చెల్లదు.

రైతులు గమనింపవలసినవి

1. కాలువ తవ్వుట, డ్రిప్పు గొట్టములు పాతుట కొరకు యంత్రముతో తవ్వించుటకు ముందు, ఆ దారిన కేబులు ఉన్నదేమో విచారించుడు. 2023 మార్చి 22న ప్రారంభమైన "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ ఇందుకొరకే ఏర్పడినది. ఒక్క బకెట్టు దెబ్బతో అనేక గ్రామముల వార్త ఆగవచ్చును.
2. స్తంభముల క్రింద ఎండుగడ్డి, వేరుశనగ కట్టె కాల్చరాదు. గడ్డి బండ్లు ఎత్తుగా వేసినపుడు వ్రేలాడు తీగలను గమనింపుడు. తెగి పడిన తీగ ఫైబరో, కరెంటో దూరమునుండి తెలియదు. ముట్టుకొనక విద్యుత్ సిబ్బందికి తెలుపుడు.
3. ఫోనులో అత్యవసర హెచ్చరికలను ఆపివేయకుడు.
4. ఉరుము వినబడినచో వార్త కొరకు ఎదురుచూడకుడు. ఉరుమే మొదటి హెచ్చరిక. చెట్టు క్రింద నిలువక పక్కా భవనములోనికి చేరుడు. వార్త రాలేదు గనుక ప్రమాదము లేదని తలచుట చాల ముప్పు.
5. ముఖ్యమైన ఫోటోలు, పత్రములు సాయంకాలపు రద్దీలో కాక ఉదయము పంపుడు.

గ్రామాధికారులు చేయవలసినవి

1. లోపము ఏ భాగములో ఉన్నదో ముందు కనుగొనవలెను. కార్యాలయములో వైఫై పనిచేయనిచో, కంప్యూటరును పెట్టెకు తీగతో కలిపి చూడవలెను. తీగపై బాగుండి వైఫైలో చెడిన లోపము గదిలోనిది. పెట్టెను ఇనుప బీరువా వెనుక నుండి తీసి ఎత్తున నుంచిన చాలును. తీగపై కూడ పనిచేయక, పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అని యున్న దీపము ఎఱ్ఱగా వెలిగినచో వెలుపల ఫైబరు తెగినది లేక వంగినది. దీపము సరిగా నుండి, చుట్టుప్రక్కల గ్రామములలోను పని లేనిచో లోపము పైకూడలిలో నుండవచ్చును.

2. మొబైలు విషయములో కాలమును గమనింపవలెను. గీతలు తక్కువయై ఎల్లవేళల నెమ్మదిగా నున్న సిగ్నలు కొరత. గీతలు నిండుగా నుండి సాయంకాలము మాత్రమే నెమ్మదించిన టవరు వద్దనో, టవరు వెనుకనో రద్దీ. మొదటిదానికి టవరు కావలెను, రెండవదానికి వెడల్పు కావలెను. ఒకదానికి రెండవ మందు పనిచేయదు.

3. ఒక నోటుపుస్తకమున తేది, వేళ, స్థలము, లోపము, ఎంతసేపు, ఫిర్యాదు సంఖ్య వ్రాసియుంచవలెను. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తీగ సేవలకును, గాలి సేవలకును కలిపి ఒకే నాణ్యతా నిబంధనావళిని వెలువరించినది. దాని ప్రకారము సంస్థలు తమ సేవ ఎచ్చటెచ్చట కలదో పటము రూపమున చూపవలెను. ఒక జిల్లాలో పెద్ద అంతరాయము 24 గంటలు మించిన వినియోగదారులకు అద్దెలో తగ్గింపు లేక గడువు పొడిగింపు ఇయ్యవలెను. వ్రాతమూలక వివరము లేనిచో ఈ హక్కు నిరూపించుట కష్టము.

4. కరెంటు పోయినపుడు టవరు బ్యాటరీపై నడచినను, కేంద్రములోని పెట్టె ఆగిపోవును. దానికి చిన్న బ్యాటరీ ఏర్పాటు స్వల్ప వ్యయముతో అగును. గొలుసులో తక్కువ ఖర్చుతో బాగుపడు లింకు ఇదే.

5. తెలుగు సందేశములు క్లుప్తముగా వ్రాయవలెను. ఆంగ్ల లిపిలో ఒక ఎస్సెమ్మెస్సుకు 160 అక్షరములు పట్టును. తెలుగు లిపిలో సామాన్యముగా 70 మాత్రమే, గుణింతపు గుర్తులు, పొల్లు కూడ లెక్కకు వచ్చును. అది మించిన సందేశము ముక్కలగును. ఒక ముక్క ఆలస్యమైన అర్థము చెడును. "మధ్యాహ్నము 3 వరకు పిడుగులు. చెట్ల క్రింద ఉండవద్దు" అను పాటి మాటలు చాలును. మర్యాద వాక్యములు, పథకముల పేర్లు హెచ్చరికలో చేర్చరాదు.

6. ఒకే మార్గముపై ఆధారపడరాదు. ఫోను సందేశముతోపాటు గుడి మైకు, సచివాలయపు మైకు, పాలకేంద్రము, అవసరమైన దండోరా కూడ వాడవలెను. ఫోను లేని గొఱ్ఱెల కాపరులు, కూలి స్త్రీలు ఎవరెవరు ఏ గుట్ట వైపు, ఏ పొలము వైపు పోవుదురో వార్డు వారీగా తెలిసియుండి, వారికి చెప్పు బాధ్యతను ఒక్కొక్కరికి అప్పగించవలెను.

ముగింపు

వార్త పంపిన కార్యాలయములో "పంపబడినది" అని కనబడుటతో పని ముగియదు. టవరునకు చేరుటతోను ముగియదు. ఫోను మ్రోగుటతోను ముగియదు. చివరి కొస ఫోను కాదు, చివరి కొస మనిషి. అతడు విని, అర్థము చేసికొని, సకాలమున చెట్టు క్రిందినుండి లేచి ఇల్లు చేరినపుడే సేవ పూర్తియైనట్లు. కావున ప్రతి గ్రామమున నెలకు ఒకమారు ఒక పరీక్షా సందేశము పంపి, ఊరికి అన్నిటికంటె దూరపు పొలములోనివారికి అది ఎన్ని నిమిషములకు చేరినదో కనుగొనుట మంచిది. ఆ అంకెను గ్రామ సచివాలయపు పలకపై వ్రాసినచో, ఏ లింకు బాగుచేయవలెనో అందరికిని తెలియును. తూము వద్ద కొలిచిన నీరు లెక్కకు మాత్రమే పనికివచ్చును. పంటకు కావలసినది చివరి మడిలో నిలిచిన నీరే.